కోత తర్వాతి నొప్పి

ఆపరేషను జరుగుతుండగా నొప్పి తెలియకుండా చేయడం వేరు, మత్తు దిగాక వచ్చే నొప్పిని అదుపులో ఉంచడం వేరు. మొదటిది 1846లో బోస్టన్‌లో ఈథర్‌తోనూ, మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు వాడిన క్లోరోఫాంతోనూ సాధ్యమైంది. రెండోదాన్ని వైద్యంలో భాగంగా లెక్కించడానికి ఇంకో నూరేళ్లకు పైనే పట్టింది.

మత్తులో ఉన్న రోగిని ఎలా కనిపెట్టి ఉండాలన్న చర్చ హైదరాబాదులో గట్టిగా సాగింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జను ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. రెండోదానికి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌన్లు ఇచ్చాడు. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇవ్వడంలో ఆరితేరింది. క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరే, గుండె కాదని కమిషన్ తేల్చింది. అది పొరపాటు. గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. అయినా ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న లారీ పట్టుదల వృథా పోలేదు. కాకపోతే మెలకువ వచ్చాక రోగి పడే బాధ ఆ విచారణలో ఎవరికీ పట్టలేదు.

ఆ బాధకు మందు లేక కాదు. నల్లమందు ఊళ్లలో ఎప్పటినుంచో ఎరిగినదే. దాని సారమైన మార్ఫిన్‌ను 19వ శతాబ్దం మొదట్లోనే వేరు చేశారు. అయితే మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం లైసెన్సుల మీద లైసెన్సులు అడగడంతో ఆసుపత్రులు మార్ఫిన్ జోలికి పోవడం మానేశాయి. ఆ చట్టాన్ని 2014లో సవరించేదాకా ఇదే తంతు. ఈలోగా వార్డుల్లో నొప్పి ఇంజక్షనంటే డైక్లోఫెనాక్, పెంటజొసిన్, తర్వాత ట్రమడాల్.

నొప్పిని కొలవడమూ ఆలస్యంగానే వచ్చింది. సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమంటారు. పిల్లలకైతే ముఖాల బొమ్మలు చూపిస్తారు. తెలుగు రోగికి అంకె కంటే మాట సులువు: పోటు, సలుపు, తీపు, మంట, గుంజుడు. ఒక్కొక్కటీ వేరే నొప్పి. ఎంత తగ్గిందంటే రూపాయిలో అర్ధ తగ్గిందనో, ఇంకా పావలా వంతు ఉందనో అంటారు. ఇదీ కొలతే. మార్ఫిన్ జాతి మందులిచ్చినప్పుడు నొప్పితోపాటు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో, ఎంత మగతగా ఉన్నారో కూడా రాసుకోవాలి. మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది. లారీ మాట పనికొచ్చేది ఇక్కడే.

ఇక ఆపరేషను అయి ఇంటికి చేరిన రోగి సంగతి. ఆంధ్రప్రదేశ్‌లోని ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాల, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంతో పెద్ద ఆపరేషన్లు పేదలకూ అందాయి. కొల్లేటి చేపల చెరువుల మీదా, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల చేలల్లోనూ కూలికి పోయేవాళ్లకు ఇంటికొచ్చాక మరో చిక్కు: కుట్లు ఆరకముందే పనికి పోతే నొప్పి తిరగబెడుతుంది, పోకపోతే కూలి పోతుంది. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, డాక్టరు చెప్పిన విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వడం మొదలుపెట్టింది రాష్ట్ర ప్రభుత్వం.