మోటారుకు ఎత్తే పరీక్ష: రైలింజను నుంచి ఎలక్ట్రిక్ సైకిలు దాకా



మన పిల్లలు కొందరు ఆదివారం తెల్లవారుజామునే లేచి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకుల మీద నందిబెట్ట ఎక్కి వస్తున్నారు. సంతోషమే. కానీ మంచి బండి కావాలంటే లక్షల్లో మాట. అంత పెట్టి కొన్నాక మోటారు మొరాయిస్తే అంగడివాళ్ళ నోట వచ్చే మొదటి మాట, "మీరు తొక్కిన తీరు సరిలేదు". కొన్నవాళ్ళేమో "సరుకే నాసిరకం" అంటారు. వారంటీ దగ్గర ఇద్దరూ ఆగిపోతారు. ఈ తగవు కొత్తది కాదు. రైల్వేలో వందేళ్ళ నుంచీ ఉన్నదే. అక్కడ దాన్ని ఎలా తీర్చుకున్నారో తెలిస్తే మన పిల్లలకు పనికొస్తుంది.

మన దేశంలో కరెంటు రైలు మొదట నడిచింది 1925 ఫిబ్రవరి 3న, బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా దాకా. అది చదునైన దారి, పెద్ద కష్టం లేదు. అసలు పరీక్ష బొంబాయి నుంచి పూనా వెళ్ళే భోర్ ఘాట్‌లో. అక్కడ 37 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి ఎక్కాలి. 1928లో ఆ ఘాట్ల కోసమే పొడవాటి ముక్కుల ఇంజన్లు తెప్పించారు. జనం వాటిని మొసళ్ళు అనేవారు. దిగేటప్పుడు వాటి మోటార్లే జనరేటర్లయి కరెంటును తిరిగి తీగలోకి పంపేవి. ఈనాటి ఎలక్ట్రిక్ కార్ల ప్రకటనల్లో గొప్పగా చెప్పే సంగతి అప్పటికే ఉందన్నమాట.

ఎత్తు ఎక్కేటప్పుడు మోటారుకు ఏమవుతుంది? నేను బళ్ళో చదివింది తమిళంలో. కరెంటును "మిన్నోట్టం" అని నేర్పారు. ఓట్టం అంటే పరుగు. నాకు ఇప్పటికీ ఆ మాటతోనే సులువుగా అర్థమవుతుంది. మోటారు వేగంగా తిరుగుతుంటే తనలో తానే ఒక ఎదురు వోల్టేజి పుట్టించుకుంటుంది. అది లోపలికి వచ్చే కరెంటును అదుపులో పెడుతుంది. చక్రం పరుగు తగ్గితే ఆ అడ్డూ తగ్గుతుంది, కరెంటు పరుగు పెరుగుతుంది. కరెంటు రెండింతలైతే తీగచుట్టలో పుట్టే వేడి నాలుగింతలు. మోటారుకు వేగం చేటు కాదు, బరువు లాగుతూ నత్తనడక నడవడమే చేటు.

నేను గుమాస్తాగా కొన్నేళ్ళు డీజిల్ లోకో షెడ్డు ఆఫీసులో ఉన్నాను. డీజిల్ ఇంజన్‌లో కూడా చక్రాలను తిప్పేది కరెంటు మోటార్లే. డీజిల్ పని జనరేటర్‌ను తిప్పడం వరకే. ఫెయిల్యూర్ స్టేట్‌మెంట్లు టైపు చేసీ చేసీ నాకు ఒక విషయం పట్టుబడింది. ఎత్తులో బండి కదలకపోయినా డ్రైవరు నాచ్ తగ్గించకుండా పట్టుకుంటే, తిరగని కమ్యుటేటర్ మీద బ్రష్‌లు ఆనుకున్న చోటే కాలిపోతుంది. ఆ మచ్చ చూసి ఫిట్టర్లు జరిగిందేమిటో చెప్పేసేవారు.

అలాగని రైల్వే ప్రతిసారీ డ్రైవర్ మెడకే చుట్టలేదు. డ్రైవర్ కళ్ళెదురుగా లోడ్ మీటర్ పెట్టింది. ముల్లు ఇక్కడి దాకా ఉంటే ఎంతసేపైనా పరవాలేదు, ఇది దాటితే ఇన్ని నిమిషాలే అని పక్కనే రేకు మీద రాసి బిగించింది. ఏ సెక్షన్‌లో ఏ ఇంజను ఎన్ని టన్నులు లాగవచ్చో వర్కింగ్ టైంటేబుల్‌లో అచ్చు వేసింది. మన సకలేశపుర, సుబ్రహ్మణ్య ఘాట్‌లో యాభైకి ఒకటి ఎత్తు. అక్కడ గూడ్సు బండికి వెనక నుంచి నెట్టడానికి బ్యాంకర్ ఇంజన్లు పెట్టింది. ఇన్ని చేశాకే డ్రైవర్‌ను సంజాయిషీ అడిగేది. తర్వాత యంత్రాన్నీ మార్చారు. 1999లో వచ్చిన డబ్ల్యూడీజీ-4 ఇంజన్లకు బ్రష్‌లు లేని త్రీఫేజ్ మోటార్లు. మన హుబ్బళ్ళి షెడ్డు వాటికి పేరుపడింది. నెమ్మదిగా బరువు లాగడంలో పాత మోటార్ల కంటే ఇవి చాలా ఓర్పు గలవి.

బెంగళూరు రోడ్డు మీద ఇదే కథ రేవా కారుతో మళ్ళీ నడిచింది. చేతన్ మైనీ గారి కంపెనీ బొమ్మసంద్రలో తయారుచేసి 2001లో అమ్మకానికి పెట్టింది. సీసం బ్యాటరీలు ఎనిమిది, ఒక చార్జికి 80 కిలోమీటర్లు అన్నారు. మెత్తగా తోలినవాళ్ళకీ, యాక్సిలరేటర్ తొక్కి పట్టినవాళ్ళకీ అదే కారు వేర్వేరు లెక్క చూపించేది. మొదట్లో డీసీ మోటారు, 2008 ప్రాంతంలో వచ్చిన రేవా-ఐలో త్రీఫేజ్ మోటారు. రైల్వే నడిచిన దారినే అదీ నడిచింది. లండన్‌లో జీ-విజ్ పేరుతో తిరిగింది, 2010లో మహీంద్రా చేతికి పోయింది.

ఇక సైకిలు. తొక్కే కాలి బలాన్ని కొలిచి దానికి తగినట్టు సాయం చేసే సైకిలును యమహా 1993లో జపాన్‌లో తెచ్చింది. కొండబండ్లకు ఆ మోటారును పెడళ్ళ దగ్గరే బిగించారు. చక్రంలో మోటారు ఉంటే ఎత్తులో దానికి గేర్ల సాయం దొరకదు. పెడల్ దగ్గరుంటే గొలుసు, గేర్లు అన్నీ దానికి అందుతాయి. అయితే తొక్కేవాడు గేరు మార్చితేనే! ఎత్తులో కూడా పెద్ద గేరులోనే ఉండి, టర్బో మోడ్ పెట్టి, నిమిషానికి నలభై చుట్లు కూడా తిప్పకుండా బలంగా తొక్కితే అది బ్యాంకర్ లేకుండా ఘాట్ ఎక్కే గూడ్సు బండే. చిన్న గేరులో 70 చుట్లకు పైగా తిప్పితే మోటారు హాయిగా ఎక్కుతుంది. ఇప్పటి మంచి మోటార్లు వేడెక్కితే తామే బలం తగ్గించుకుంటాయి కాబట్టి చుట్ట కాలడం తక్కువ. అరిగేవి లోపలి పళ్ళచక్రాలు, క్లచ్చి, బేరింగులు. కొన్నిటిలో బెల్టు. బలంగా తొక్కుతూనే గేరు మార్చడం, ప్రెషర్ పంపుతో కడిగి బేరింగుల్లోకి నీళ్ళు ఎక్కించడం వీటికి శత్రువులు. మనవాళ్ళకు బండి తళతళలాడాలి, అదొక జబ్బు.

కనుక అంగడివాళ్ళ మాటలో సగం నిజముంది. మిగతా సగం వాళ్ళ బాధ్యత. మన మోటారు వాహనాల రూల్స్‌లోనే, రిజిస్ట్రేషన్ అక్కర్లేని ఎలక్ట్రిక్ సైకిలు మోటారు "ముప్పై నిమిషాల పవర్" పావు కిలోవాట్‌కు లోపు ఉండాలని, 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆగిపోవాలని రాసి ఉంది. ముప్పై నిమిషాలు అన్న మాట గమనించండి. అది మా లోడ్ మీటర్ పక్కనున్న రేకు భాషే. దాన్ని కొనేవాడికి చూపించకుండా, మోటారు పోయాక తొక్కిన తీరును తప్పు పట్టడం నాకు న్యాయంగా తోచదు.

నందిబెట్ట చివరి ఏడెనిమిది కిలోమీటర్ల ఎక్కుడు చాలామందికి అరగంట పైనే పడుతుంది. కొనబోయేవాళ్ళు అంగడిలో మూడు విషయాలు అడిగి కాగితం మీద రాయించుకోండి: ఎంత బరువు మనిషితో, ఎంత ఎత్తులో, ఎంతసేపు. ఇప్పటికే కొన్నవాళ్ళు వారంటీ కాగితం ఫోటో నాకు పంపండి. ఆ మూడింటిలో ఏ ఒక్కటైనా అందులో ఉందేమో చూసి, ఒక పట్టిక వేసి ఇక్కడే పెడతాను.