ఛోటానాగ్‌పూర్ బడులు: చదువు, భూమి, భాష

చదువు దేనికి? ఉద్యోగానికి అని మనలో చాలామంది చెబుతాం. ఛోటానాగ్‌పూర్ కథోలిక బడుల చరిత్రలో ఇంకో జవాబు ఉంది. నేటి జార్ఖండ్‌లోని ఆ ప్రాంతం ముండా, ఉరావ్, ఖడియా తెగల గడ్డ. ఉరావ్‌ల కుడుఖ్ భాష మన గోండి, కువి, తెలుగులాగే ద్రావిడ కుటుంబానిదే.

19వ శతాబ్దంలో అక్కడి భూములు జమీందార్ల, వడ్డీ వ్యాపారుల పాలయ్యాయి. వెట్టిచాకిరీ పెరిగింది. కాగితంలో ఏముందో చదవలేని రైతుకు కోర్టులో దిక్కులేదు. 1885లో తోర్పా చేరిన బెల్జియం జెసూట్ గురువు కాన్‌స్టంట్ లీవెన్స్ భూచట్టాలు నేర్చుకొని ఆదివాసీల పక్షాన నిలిచారు. ఊళ్లలో బడులు పెట్టించారు. వేలమంది కథోలికులయ్యారు. క్షయవ్యాధితో 1893లో, 37 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఆయన సమకాలికులు జర్మన్ జెసూట్ జాన్ బాప్టిస్ట్ హాఫ్‌మన్. ముండారీ నేర్చుకొని దానికి వ్యాకరణం రాశారు. ముండాల జీవితంపై విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. ఆదివాసీ భూమి అన్యాక్రాంతం కాకుండా అడ్డుకట్ట వేసిన 1908 ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం రూపకల్పనలో పాలుపంచుకున్నారు. వడ్డీల బాధ తప్పించడానికి 1909లో సహకార పరపతి సంఘం స్థాపించారు.

ఆడపిల్లలూ వెనకబడలేదు. రాంచీలో లొరెటో కన్యల దగ్గర చదివిన బెర్నదెత్ కిస్పొట్టా అనే ఉరావ్ యువతి, మరో ముగ్గురితో కలిసి 1897లో సెయింట్ ఆన్ పుత్రికల సభను ప్రారంభించింది. అప్పటికి ఆమె వయసు 19. చదువుకున్న బిడ్డలే మరికొందరికి టీచర్లయ్యారు.

అయితే ఈ చరిత్రకు మరో వైపు కూడా ఉంది. మతం మారితే మన ఆచారాలు ఏమవుతాయన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. బిర్సా ముండా నడిపిన ఉల్గులాన్ బ్రిటిష్ పాలనతోపాటు మిషన్లనూ ఎదిరించింది. కానీ ఆ పోరాటానికీ మూలం భూమే. 1908 చట్టం రావడానికి ముండాల రక్తమే ప్రధాన కారణం. చదువు, చట్ట పరిజ్ఞానం దానికి తోడయ్యాయి.

1965లో రెండవ వాటికన్ మహాసభ విద్యపై ప్రకటన చేసింది. విద్య ప్రతి మనిషి హక్కనీ, అది వారి సంస్కృతికి తగినట్టుండాలనీ, పేదలపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలనీ చెప్పింది. ఏ బడినైనా ఈ కొలతతోనే చూడాలి.

యువతీ యువకులారా! మనకు 1/70 చట్టం ఉంది. దాన్ని చదివి, ఊళ్లో పెద్దలకు మన భాషలో వివరించగలిగేవారు ఎందరున్నారు? ఆ పని చేయగలిగిన నాడే మన చదువు మన జాతికి అక్కరకొచ్చినట్టు.