గుండెపోటుతో చనిపోయిన గుండె కండరాన్ని మళ్లీ పెంచవచ్చా? పరిశోధనలు ఎక్కడిదాకా వచ్చాయి?

చర్మం తెగితే కొత్త చర్మం వస్తుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది. కాలేయంలో కొంత భాగాన్ని కోసి తీసేసినా మిగిలిన భాగం మళ్లీ పెరుగుతుంది. గుండెకు మాత్రం ఆ శక్తి లేదనే చెప్పాలి. గుండెపోటులో చనిపోయిన కండరం స్థానంలో కొత్త కండరం రాదు. అక్కడ మచ్చ మాత్రమే మిగులుతుంది.

స్టెంట్ వేయించుకున్నాక గుండె పూర్తిగా బాగైపోయిందని చాలామంది భావిస్తారు. స్టెంట్ చేసే పని మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచడమే. అప్పటికే చనిపోయిన కండరాన్ని అది బతికించలేదు.

ఆ కండరాన్ని తిరిగి పెంచే మార్గం కోసం శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వెతుకుతున్నారు. ఈ అన్వేషణలో ఆశలు రేపిన విజయాలున్నాయి, ఏళ్ల తరబడి తప్పుదారి పట్టించిన అక్రమాలూ ఉన్నాయి. వీటిలో రుజువైనది ఏది, ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నది ఏది అన్నది తెలుసుకోవడం రోగులకు, వారి కుటుంబాలకు చాలా అవసరం.

గుండెపోటులో ఏం జరుగుతుంది?

గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనుల్లో ఏదైనా ఒకటి రక్తపు గడ్డతో పూడుకుపోతే, దాని మీద ఆధారపడిన కండరానికి ఆక్సిజన్ ఆగిపోతుంది. సుమారు 20 నుంచి 30 నిమిషాల్లో కణాలు చనిపోవడం మొదలవుతుంది. నాళం తెరుచుకోకపోతే కొన్ని గంటల్లో ఆ నష్టం గుండె గోడ లోపలి పొర నుంచి బయటి పొర వరకు విస్తరిస్తుంది.

శరీరమంతటికీ రక్తాన్ని పంపే ఎడమ జఠరికలో 200 నుంచి 400 కోట్ల కండర కణాలు ఉంటాయని అంచనా. తీవ్రమైన గుండెపోటులో వీటిలో 100 కోట్ల వరకు నశించవచ్చు.

చనిపోయిన కణాల స్థానాన్ని కొలాజెన్ అనే ప్రోటీన్‌తో ఏర్పడిన మచ్చ ఆక్రమిస్తుంది. ఆ సమయంలో ఈ మచ్చ మేలే చేస్తుంది. అది లేకపోతే గుండె గోడ చిరిగిపోయే ప్రమాదం ఉంటుంది. అయితే మచ్చ సంకోచించలేదు. దాని వంతు పని కూడా మిగిలిన కండరం మీదే పడుతుంది. కాలక్రమంలో గుండె సాగి, పలచబడి, బలహీనపడుతుంది. వైద్యులు హార్ట్ ఫెయిల్యూర్ అని పిలిచే స్థితి ఇదే.

పెద్దవారి గుండెలో కొత్త కణాలు పుడతాయా?

మనిషి పుట్టినప్పుడు ఉన్న గుండె కణాలే చనిపోయేదాకా ఉంటాయని చాలాకాలం నమ్మారు. ఈ ప్రశ్నకు సమాధానం అణుబాంబు పరీక్షల వల్ల దొరికింది.

1950ల నుంచి 1963లో పాక్షిక నిషేధ ఒప్పందం కుదిరేవరకు అగ్రరాజ్యాలు భూమి ఉపరితలంపై అణు పరీక్షలు జరిపాయి. వాటి వల్ల గాలిలో కార్బన్-14 పరిమాణం ఒక్కసారిగా పెరిగి, ఆ తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. ఆ కార్బన్ మొక్కల ద్వారా, ఆహారం ద్వారా మనుషుల శరీరాల్లోకి చేరింది. ఒక కణం పుట్టినప్పుడు గాలిలో ఉన్న కార్బన్-14 స్థాయి ఆ కణపు డీఎన్‌ఏలో ముద్రలా నిలిచిపోతుంది. దాన్ని కొలిస్తే ఆ కణం ఏ కాలంలో పుట్టిందో అంచనా వేయవచ్చు.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జోనాస్ ఫ్రిసేన్ బృందం ఈ పద్ధతితో మానవ గుండెలను పరిశీలించి 2009లో ఫలితాలను ప్రచురించింది. 25 ఏళ్ల వయసులో ఏటా సుమారు 1 శాతం కండర కణాలు కొత్తగా పుడుతున్నాయని, 75 ఏళ్లు వచ్చేసరికి ఇది 0.45 శాతానికి పడిపోతుందని తేలింది. జీవితకాలం మొత్తం మీద సగం కంటే తక్కువ కణాలే మారుతాయి.

అంటే గుండెకు పునరుత్పత్తి శక్తి బొత్తిగా లేదనడం సరికాదు. అయితే గుండెపోటులో కొన్ని గంటల్లో జరిగే నష్టాన్ని ఆ వేగంతో పూడ్చడం అసాధ్యం.

గంగానది పరీవాహక ప్రాంతపు చేప నేర్పిన పాఠం

ప్రకృతిలో కొన్ని జీవులు గుండెను పూర్తిగా బాగుచేసుకోగలవు. వాటిలో శాస్త్రవేత్తలు ఎక్కువగా అధ్యయనం చేసింది జీబ్రా చేపను. భారత్, నేపాల్, బంగ్లాదేశ్‌లలోని వాగుల్లో, వరి పొలాల కాలువల్లో కనిపించే చిటికెన వేలంత చారల చేప ఇది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపలపై వెలువరించిన గ్రంథంలో దీన్ని తొలిసారిగా వర్ణించారు.

ఈ చేప జఠరికలో దాదాపు 20 శాతం కోసి తీసేసినా రెండు నెలల్లో మళ్లీ పెరుగుతుందని 2002లో అమెరికా శాస్త్రవేత్తలు కెన్నెత్ పాస్, మార్క్ కీటింగ్ బృందం వెల్లడించింది. గాయం పక్కనే మిగిలి ఉన్న కండర కణాలు విభజన చెంది కొత్త కండరాన్ని ఏర్పరుస్తాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

క్షీరదాల్లోనూ ఈ శక్తి కొద్దికాలం ఉంటుంది. పుట్టిన ఒక్క రోజుకే గుండెలో కొంత భాగం తీసేసిన ఎలుక పిల్లల్లో మూడు వారాల్లో అది తిరిగి పెరిగిందని టెక్సస్ విశ్వవిద్యాలయ సౌత్‌వెస్టర్న్ మెడికల్ సెంటర్ పరిశోధకులు 2011లో తెలిపారు. ఏడు రోజులు నిండిన పిల్లల్లో మాత్రం మచ్చే ఏర్పడింది.

తల్లి గర్భంలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. పుట్టాక ఊపిరితో పాటు ఆక్సిజన్ పెరగడం వల్ల కణాల డీఎన్‌ఏ దెబ్బతిని, వాటి విభజన ఆగిపోతోందని ఇదే సంస్థ పరిశోధకులు ప్రతిపాదించారు. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను క్రమంగా 7 శాతానికి తగ్గించిన వాతావరణంలో ఉంచినప్పుడు, పెద్ద ఎలుకల్లో సైతం గుండె కణాల విభజన మళ్లీ మొదలైందని 2017లో చూపారు. ఇది నియంత్రిత ప్రయోగం మాత్రమే. మనుషులకు, అందునా గుండె రోగులకు ఆక్సిజన్ తగ్గడం ప్రాణాపాయం.

తప్పుదారి పట్టించిన మూలకణాలు

ఎముక మజ్జలోని మూలకణాలను గుండెలోకి ఎక్కిస్తే అవి గుండె కండరంగా మారతాయని 2001లో పియెరో అన్వెర్సా తదితరులు ప్రకటించడం సంచలనం సృష్టించింది. కొద్దికాలంలోనే వివిధ దేశాల్లో రోగులపై పరీక్షలు మొదలయ్యాయి. గుండెలోనే ప్రత్యేక మూలకణాలు ఉన్నాయని కూడా ఆయన బృందం ఆ తర్వాత వాదించింది.

2004లోనే రెండు స్వతంత్ర బృందాలు ఆ మొదటి ఫలితం తమకు రాలేదని చెప్పాయి. మజ్జ కణాలు గుండె కండరంగా మారడం లేదని తేల్చాయి. అయినా పరిశోధనలు, పరీక్షలు కొనసాగాయి. చివరకు 2018లో హార్వర్డ్ మెడికల్ స్కూల్, బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ కలిసి, అన్వెర్సా ప్రయోగశాల నుంచి వెలువడిన 31 పత్రాల్లో తప్పుడు లేదా కల్పిత సమాచారం ఉందని, వాటిని ఉపసంహరించాలని సిఫార్సు చేశాయి.

ఈ ఉదంతంలో నష్టపోయింది శాస్త్రం ఒక్కటే కాదు. లేని శక్తిని ఉన్నట్లుగా నమ్మి ఎందరో రోగులు ఆ పరీక్షల్లో పాల్గొన్నారు. పెద్దవారి గుండెలో కొత్త కండరాన్ని సృష్టించే ప్రత్యేక మూలకణాలు లేవన్నదే నేడు అత్యధిక శాస్త్రవేత్తల అభిప్రాయం.

ప్రయోగశాలలో పెంచిన కండరం

మరో మార్గం జపాన్ నుంచి వచ్చింది. మామూలు చర్మ కణాలను పిండస్థ దశలోని కణాల్లాంటివిగా మార్చవచ్చని షిన్యా యమనాకా 2006లో ఎలుకల్లో, 2007లో మనిషి కణాల్లో నిరూపించారు. ఇందుకు 2012లో ఆయనకు, జాన్ గర్డన్‌కు నోబెల్ బహుమతి దక్కింది. ఇలా తయారైన కణాలను ఐపీఎస్ కణాలంటారు. వాటిని తగిన రసాయనాలతో గుండె కండర కణాలుగా మార్చవచ్చు. పళ్లెంలో పెరుగుతున్న ఆ కణాలు తమంతట తాముగా కొట్టుకోవడాన్ని సూక్ష్మదర్శినిలో చూడవచ్చు.

ఒసాకా విశ్వవిద్యాలయంలో యోషికి సావా బృందం ఇలాంటి కణాలతో చేసిన పలుచని పొరలను 2020 జనవరిలో తొలిసారిగా ఒక రోగి గుండెపై అమర్చింది. ఈ పొరలు శాశ్వత కండరంగా నిలవడం కంటే, కొత్త రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడే పదార్థాలను విడుదల చేయడం ద్వారా మేలు చేస్తాయని పరిశోధకులు భావిస్తున్నారు.

జర్మనీలోని గోటింగెన్ పరిశోధకుల లక్ష్యం ఇంకా పెద్దది. వోల్‌ఫ్రామ్-హుబెర్టస్ జిమ్మర్‌మాన్ నాయకత్వంలోని బృందం ఐపీఎస్ కణాల నుంచి వచ్చిన కండర కణాలను కొలాజెన్ జెల్‌లో కలిపి అతుకుల్లా తయారుచేసింది. కోతుల్లో ఇవి నెలల తరబడి నిలిచి గుండె గోడను మందం చేశాయి. హార్ట్ ఫెయిల్యూర్‌తో బాధపడుతున్న 46 ఏళ్ల మహిళకు కూడా వీటిని అమర్చారు. మూడు నెలల తర్వాత ఆమెకు గుండె మార్పిడి జరిగింది. తొలగించిన పాత గుండెను పరిశీలించినప్పుడు, అతికించిన కండరం సజీవంగా ఉందని, దానికి రక్తనాళాలు ఏర్పడ్డాయని తెలిసింది. ఈ ఫలితాలు 2025 జనవరిలో నేచర్ పత్రికలో వెలువడ్డాయి.

ఈ కణాలు మరొకరి నుంచి వచ్చినవి కాబట్టి, శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడాల్సి ఉంటుంది. కొద్దిమంది రోగుల అనుభవాన్ని బట్టి చికిత్స పనిచేస్తుందని తీర్మానించలేం. అందుకు పెద్ద పరీక్షలు అవసరం.

అసలు అడ్డంకి ఏమిటి?

కొత్త కండరం పెరిగితే చాలదు. అది పాత కండరంతో ఒకే లయలో కొట్టుకోవాలి. పరిశోధకులు పదేపదే తడబడింది ఇక్కడే.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ మర్రీ బృందం 2014లో కోతుల గుండెల్లోకి సుమారు 100 కోట్ల కణాలను ఎక్కించగా అవి నిలదొక్కుకున్నాయి. అయితే గుండె లయ ప్రమాదకరంగా తప్పింది. పూర్తిగా పరిణతి చెందని ఆ కణాలు తమ సొంత వేగంతో కొట్టుకోవడమే కారణం. ఆ ధోరణిని అరికట్టేలా నాలుగు జన్యువులను సవరించిన కణాలను ఈ బృందమే 2023లో రూపొందించింది.

మౌరో జాకా బృందం 2019లో పందులపై చేసిన ప్రయోగంలోనూ ఇలాంటి చేదు అనుభవమే ఎదురైంది. కణ విభజనను ప్రేరేపించే మైక్రో ఆర్‌ఎన్‌ఏను వైరస్ ద్వారా గుండెకు చేరవేసినప్పుడు నెల రోజుల్లో మచ్చ తగ్గి, గుండె పనితీరు మెరుగుపడింది. ఆ తర్వాత చికిత్స పొందిన పందుల్లో చాలా వరకు హఠాత్తుగా చనిపోయాయి. విభజనకు ఆదేశం ఇవ్వగలిగారు, ఆపగలిగే మార్గం లేకపోయింది. అందుకే కొద్దిరోజులే పనిచేసి కరిగిపోయే ఆర్‌ఎన్‌ఏల వైపు ఇప్పుడు దృష్టి మళ్లింది.

విశ్రాంతి దొరికితే గుండె కోలుకుంటుందా?

గుండె క్షణం కూడా ఆగకుండా పనిచేస్తుంది కాబట్టే మరమ్మతుకు తీరిక దొరకడం లేదా? ఎడమ జఠరిక పనిలో కొంత భారాన్ని తీసుకునే యంత్రం, అంటే ఎల్‌వీఏడీ అమర్చిన రోగుల్లో పరిశోధకులు ఈ ప్రశ్నను పరిశీలించారు. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన హెషమ్ సాదెక్, ఫ్రిసేన్ తదితరులు కార్బన్-14 పద్ధతినే మళ్లీ ఉపయోగించారు. విఫలమైన గుండెల్లో కొత్త కణాల పుట్టుక దాదాపుగా స్తంభించిపోయింది. యంత్రం సాయంతో బాగా కోలుకున్న రోగుల గుండెల్లో మాత్రం అది ఆరోగ్యవంతుల కంటే ఆరు రెట్లకు పైగా ఉంది.

ఇలా కోలుకునేవారు యంత్రం అమర్చిన రోగుల్లో సుమారు నాలుగో వంతే. మిగతావారు ఎందుకు కోలుకోలేకపోతున్నారో తెలిస్తే చికిత్సకు కొత్త దారి దొరకవచ్చు.

భారత్‌లో రోగులు గమనించాల్సింది ఏమిటి?

దేశంలో సంభవించే మరణాల్లో నాలుగో వంతుకు పైగా గుండె, రక్తనాళాల వ్యాధుల వల్లే. గుండె పూర్తిగా విఫలమైనవారికి మార్పిడి శస్త్రచికిత్స ఒక మార్గం. దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న దిల్లీ ఎయిమ్స్‌లో రాజమహేంద్రవరంలో జన్మించిన డాక్టర్ పి.వేణుగోపాల్ నిర్వహించారు. అయితే దాతల గుండెలు అవసరంతో పోలిస్తే చాలా తక్కువ.

ఈ నిస్సహాయతనే కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. మూలకణాల ఇంజెక్షన్‌తో గుండె బాగవుతుందనే ప్రకటనలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి మినహా, ఇతర వ్యాధులకు మూలకణాల వాడకం అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి. అలాంటి పరీక్షల్లో పాల్గొనే రోగుల నుంచి చికిత్సకు డబ్బు వసూలు చేయకూడదు. ఎవరైనా డబ్బు అడిగితే, ఆ పరీక్ష భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందో లేదో ముందుగా చూడాలి.

ఇప్పుడు చేతిలో ఉన్న మార్గాలు

పోయిన కండరాన్ని తిరిగి తేవడం ఇంకా సాధ్యం కాలేదు. పోకుండా కాపాడటం సాధ్యమే. అందులో సమయమే కీలకం.

• ఛాతీలో బరువు, నొప్పి, ఎడమ చేయి లేదా దవడ లాగడం, చెమటలు, ఆయాసం కనిపిస్తే గ్యాస్ నొప్పి అని సరిపెట్టుకోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి. మహిళల్లో, మధుమేహం ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, వికారం మాత్రమే ఉండవచ్చు.

• ఈసీజీ తీసే సదుపాయం ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలి. యాంజియోప్లాస్టీ అందుబాటులో లేని చోట గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ‘స్టెమీ’ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇస్తున్నారు.

• గుండె బలహీనపడినవారికి ఇప్పుడు సమర్థమైన మందులున్నాయి. మధుమేహం కోసం వచ్చిన ఎస్‌జీఎల్‌టీ2 మందులు కూడా హార్ట్ ఫెయిల్యూర్‌లో మరణాలను, ఆసుపత్రి చేరికలను తగ్గిస్తాయని పెద్ద పరీక్షల్లో రుజువైంది. కాస్త బాగున్నామని వైద్యులను అడగకుండా మందులు మానేయడం ప్రమాదకరం.

• పొగాకు మానడం, రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్‌ను అదుపులో ఉంచుకోవడం, ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు తీసుకోవడం, వైద్యుల సలహాతో వ్యాయామం చేయడం మిగిలిన కండరాన్ని కాపాడతాయి.

గోటింగెన్, ఒసాకాల్లో జరుగుతున్న ప్రయోగాలు రేపటి రోగులకు దారి చూపవచ్చు. నేటి రోగికి మాత్రం నొప్పి మొదలైన క్షణం నుంచి ఆసుపత్రి తలుపు దాటే వరకు గడిచే సమయమే గుండెలో ఎంత కండరం మిగులుతుందో నిర్ణయిస్తుంది.