ఒంటి మీది చారలు, వాటి మీద పుట్టిన కథలు

ఈసారి పోస్టు కాస్త పొడుగు, తీరిగ్గా చదవండి. చరిత్రే రాస్తున్నా గానీ నా వీపు మీద నుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి సంగతి. హాస్టల్లో తొట్టి కాడ నీళ్ళు పోసుకుంటా ఉంటే ఎనక నిలబడినోడు అరిచాడు, "ఒరే, ఈడి నడుం చూడండ్రా" అని. నడుము మీద అడ్డంగా నాలుగైదు నల్లెరుపు గీతలు, ఒకదాని కింద ఒకటి. నాకే తెలీదు, ఎవరి వీపు వాళ్ళకి ఏం కనబడుతుంది? సాయంత్రానికి హాస్టలంతా పాకింది: యానాదోడిని పోలీసోళ్ళు కొట్టారంట. రాత్రి అక్కడి పెద్దాయన ఒకాయన పిలిచి అడిగాడు. "ఎవరు కొట్టారు నాయనా" అని కాదు. "ఏం ఎత్తుకొచ్చావురా, నిజం చెప్పు" అని.

నన్నెవరూ కొట్టలేదు. ఆ ఏడాది నేను బాగా పొడుగు పెరిగాను, అంతే. ఈ మాట నాకు చెప్పింది నెల్లూరులో ఒక చర్మం డాక్టరు, డిగ్రీ చదివేటప్పుడు, అదీ వేరే పని మీద పోతే. "ఇవి స్ట్రెచ్ మార్కులయ్యా, చిన్నప్పుడు గబగబా పెరిగావా?" అంది. అన్నేళ్ళు నేను చొక్కా విప్పి సముద్రంలో దిగలేదు. ముత్తుకూరు పక్కన పుట్టినోడు సముద్రంలో దిగకపోవడమంటే మీకు అర్థమవుతుంది.

అప్పటి నుంచి ఈ చారల గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

ముందు సంగతేందో చెప్తా. చర్మానికి పై పొర కింద ఇంకో మందపాటి పొర ఉంటుంది. అందులో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు వల అల్లినట్టు ఉంటాయి. ఒళ్ళు మెల్లగా పెరిగితే వల సర్దుకుంటుంది. గబగబా పెరిగితే, దానికి తోడు ఒంట్లో హార్మోన్లు మారుతుంటే, ఆ పోగులు తెగుతాయి. పై చర్మం చిరగదు, కింది వల చిరుగుతుంది. అందుకే అక్కడ తాకితే కొంచెం పల్లంగా ఉంటుంది. మొదట్లో ఎర్రగానో ఊదాగానో, మన రంగు మీద నల్లెరుపుగానో కనబడి, తర్వాత తెల్లబడతాయి. లాగుడు ఏ దిక్కున ఉంటే చార దానికి అడ్డంగా పడుతుంది. మనిషి నిలువునా పెరుగుతాడు కాబట్టి నడుము మీద చారలు అడ్డంగా వస్తాయి. ఎదిగే మగపిల్లల నడుము మీద ఇవి మామూలే. వీటిని చూసి కొరడా దెబ్బలని, ఇంట్లో హింస అని డాక్టర్లు కూడా పొరబడ్డ సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అయితే బెత్తం దెబ్బ నొప్పి పుడుతుంది, కమిలి కొన్నాళ్ళకి పోతుంది. ఈ చార నొప్పి పుట్టదు, పోనూ పోదు.

ఇక చరిత్రలోకి పోదాం. ఈ చారల మీద అపోహ ఎంత పాతదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. చరక సంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో వీటికి కిక్కిసం అని పేరుంది. ఏడో నెలలో బిడ్డకి వెంట్రుకలు మొలుస్తాయి, అందుకే తల్లికి మంట పుడుతుందని ఆడవాళ్ళు అంటారని అక్కడ రాసుంది. ఆ వెంటనే, అది కాదు అని ఆత్రేయుడు ఖండిస్తాడు. గర్భం ఒత్తిడి వల్ల దోషాలు పైకి ఎగదట్టి మంట పుడుతుందట, దాంతో దురద, దురద వల్ల చారలట. గోకవద్దంటాడు. రేగుపండ్ల నీళ్ళతో, తీపి మందులతో కాచిన వెన్న తినమంటాడు, గంధం, తామరతూడు నూరి పూయమంటాడు.

నాకు ఇందులో నచ్చింది ఆ ఖండించడం. అన్ని వందల ఏళ్ళ కిందట ఒకాయన "జనం ఇలా అంటారు, కానీ అది కాదు" అని రాసిపెట్టాడు. ఆయన చెప్పినదాంట్లో సగం నిలబడింది. ఆరేడు నెలల్లో కనబడతాయనేది నిజం, కొత్త చారలు దురద పెడతాయనేదీ నిజం. ఒత్తిడి అన్నాడు, అది కూడా దగ్గరికి వచ్చిన మాటే. గోకడం వల్ల పడతాయనేది మాత్రం తప్పు. కానీ చూడండి, మన ఇళ్ళల్లో ఈ రోజుకీ కడుపుతో ఉన్న పిల్లని "గోకబాకమ్మే, గీతలు పడతాయి" అని అవ్వలు కసురుతూనే ఉంటారు. ఆ పిల్లకి చారలు పడితే "చెప్పినా విన్లేదు" అని మాట కూడా పడుతుంది. దురదపెట్టి గోకింది గానీ, గోకి తెచ్చుకోలేదు. (ఆ వెంట్రుకల మాటకి ఒక తోక ఉంది. 2006లో అమెరికాలో 64 మంది గర్భిణుల్ని గమనిస్తే, గుండెల్లో మంట ఎక్కువున్న తల్లుల బిడ్డలకి జుట్టు ఎక్కువగానే ఉందని తేలింది. చారలకీ దానికీ సంబంధం లేదులెండి. అవ్వల పరువు నిలబెట్టడానికి చెప్తున్నా.)

యూరప్‌లో ఈ చర్మం ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి లోపలి పోగుల సంగతి రాసింది 1889లో, ట్రోయిజియే, మెనెట్రియే అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు. అప్పటికే పొట్ట మీది చారలకి కోర్టుల్లో పని పడింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 318వ సెక్షన్ ఉండేది, చనిపోయిన బిడ్డని రహస్యంగా పూడ్చి కాన్పుని దాచిపెడితే శిక్ష. అనుమానం ఎవరి మీద వస్తుంది? వితంతువుల మీద, పెళ్ళికాని ఆడవాళ్ళ మీద, పేదోళ్ళ మీద. ఒక ఆడమనిషి కాన్పు అయిందా కాలేదా తేల్చమంటే డాక్టరు చూసే గుర్తుల్లో పొట్ట మీది తెల్ల చారలు ఒకటి. పొట్ట ఏ కారణం వల్ల ఉబ్బినా ఇవి రావచ్చు, ఇదొక్కటే చూసి తేల్చకూడదు అనే హెచ్చరికా ఆ శాస్త్రంలో ఉంది. చార మాత్రం జనం నోట్లోకి పోయింది, హెచ్చరిక పుస్తకంలోనే ఉండిపోయింది. ఇప్పటికీ పెళ్ళికాని పిల్ల నడుము మీదో తొడ మీదో చార కనబడితే గుసగుసలు మొదలవుతాయి. పన్నెండు పదమూడేళ్ళకి ఒళ్ళు ఎదిగేటప్పుడు ఆడపిల్లలకి అక్కడ చారలు రావడం చాలా మామూలు. కడుపుతో ఏ సంబంధమూ లేదు. చెల్లెళ్ళు ఈ ఒక్క ముక్క మీ హాస్టల్లో గట్టిగా చెప్పండి.

ఇప్పుడు నా వీపు కాడికి వస్తా. గీతలు చూడగానే దొంగతనం అని ఎందుకు అనిపించింది ఆయనకి? పక్క బెడ్డు పిల్లోడి నడుము మీద ఉంటే అనిపించేదా?

ఎడ్గార్ థర్‌స్టన్ అని మద్రాసు మ్యూజియానికి సూపరింటెండెంటు. దక్షిణ దేశమంతా తిరిగి మనుషుల తలలు, ముక్కులు కొలిచినాయన. 1909లో ఏడు సంపుటాల పుస్తకం వేశాడు. యానాదులం, ఎరుకలోళ్ళం అందరం అందులో ఉన్నాం. ఒంటి కొలత చూస్తే కులం తెలుస్తుందనేది ఆ కాలపు నమ్మకం. 1871లో ఉత్తరాదిన వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మళ్ళీ రాయబడి మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే అనుమానితులు. పేరు రిజిస్టరులో ఎక్కాలి, వేలిముద్ర వేయాలి, హాజరు చెప్పాలి. మన జిల్లాలో కావలిలో ఎరుకలవాళ్ళకి సెటిల్‌మెంటు పెట్టి అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కి అప్పగించారు, శామ్యూల్ బౌడన్ దాన్ని నడిపాడు. ఎరుకల ఆడవాళ్ళు ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచేవాళ్ళు, ఊళ్ళో చర్మాల మీద అందమైన గుర్తు వేసింది వాళ్ళే. వాళ్ళ సొంత వేలి మీది గీతలు మాత్రం పోలీసు రిజిస్టర్లోకి పోయాయి.

నెల్లూరు నుంచి వెన్నెలకంటి రాఘవయ్య గారు మనవాళ్ళ తరఫున ఈ చట్టం మీద ఏళ్ళ తరబడి పోరాడారు, యానాదుల మీద 1962లో పుస్తకం కూడా వేశారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న. చట్టం పోయిన యాభై ఏళ్ళకి పైన నా వీపుని అదే కళ్ళతో చూశారు. ఆ పెద్దాయనకి చర్మం సంగతి తెలీకపోవడం తప్పు కాదు, నాకూ తెలీదు. తెలీని చోట ఆయన దేంతో పూరించుకున్నాడు అనేదే నా బాధ.

ఇంక ఒక్క సంగతి, ఇది ఇప్పటిది. 1932లో హార్వీ కుషింగ్ అనే అమెరికన్ డాక్టరు ఒక జబ్బుని వివరించాడు. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, బీపీ పెరుగుతుంది, కండ బలం పోతుంది, పొట్ట మీద వెడల్పాటి ఊదా చారలు వస్తాయి. ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువైతే ఇదంతా. 1948లో హెంచ్ అనే డాక్టరు కార్టిసోన్‌ని మొదటిసారి కీళ్ళవాతం రోగికి ఇచ్చాడు, 1950లో నోబెల్ వచ్చింది. అలా స్టెరాయిడ్ మందులు పుట్టాయి. గొప్ప మందులే. కానీ ఆ హార్మోను చేసే పనినే ఇవీ చేస్తాయి, చర్మాన్ని పల్చన చేసి చారలు తెస్తాయి.

మన కోస్తాలో రొయ్యల గుంటల్లో, వలల కాడ రోజంతా తడిలో ఉంటాం. గజ్జల్లో తామర వస్తుంది. షాపులో ట్యూబు అడుగుతాం, క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసినది ఇస్తాడు. రెండు రోజుల్లో దురద ఆగిపోతుంది, ఆపితే రెండింతలై వస్తుంది, మళ్ళీ పూస్తాం. ఆర్నెల్లకి తామర అక్కడే ఉంటుంది, తొడల్లో చారలు కూడా చేరతాయి. అవి జన్మకి పోవు. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అమ్మకం ఆగిందా అంటే మీకే తెలుసు. ట్యూబు మీద ఆ పేర్లు ఉన్నాయేమో చదవండి, సర్కారు ఆసుపత్రి చర్మం ఓపీకి పోండి. ఒళ్ళు చేయడానికని, కీళ్ళ నొప్పులకని పేరు లేని మాత్రలు ఇచ్చినా ఇదే అనుమానం పెట్టుకోండి. ఏ కారణం లేకుండా వెడల్పాటి ఊదా చారలు వచ్చి, మొహం ఉబ్బి, నీరసం ఉంటే ఆలస్యం చేయబాకండి. ఒకసారి ఎక్కువ రోజులు స్టెరాయిడ్ మాత్రలు వాడాక మీ అంతట మీరు టక్కున ఆపేయడమూ ప్రమాదమే, డాక్టరుని అడిగి తగ్గించాలి.

నూనెలు, క్రీములు రాస్తే చారలు రావా అని అడిగేవాళ్ళకి: 2012లో కాక్రేన్ సంస్థ 6 పరీక్షల్ని, 800 మంది గర్భిణుల్ని కలిపి లెక్కేసింది. చారలు రాకుండా ఆపిన పూత ఒక్కటీ కనబడలేదు. కొబ్బరినూనె దురదకి హాయిగా ఉంటుంది, రాసుకోండి. వెయ్యి రూపాయల సీసా కొనమాకండి. అమ్మకి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ, అది వంశంలో వచ్చే పోగు బలం.

నా చారలు ఇప్పుడు తెల్లబడ్డాయి. పోయిన సంక్రాంతికి కృష్ణపట్నం కాడ సముద్రంలో దిగాను. మా అవ్వ గట్టు మీద నుంచి చూసి, "ఏందిరా అబ్బయ్యా నడుం మీద, మీ నాయనకి కూడా అట్టానే ఉండేయి" అంది. దీనికి మా అవ్వ దగ్గర పేరు లేదు, గీతలు అంటుంది అంతే. ఎరుకల భాషలో, లంబాడీలో వీటికి సొంత పేరేమన్నా ఉందా? ఇంట్లో ముసలోళ్ళని అడిగి ఇక్కడ రాయండి.