మే గెరి

మే గెరి లేదా ముందు తన్ను కరాటేలో ఆరంభ విద్యార్థులకు నేర్పే ప్రాథమిక కాలి దెబ్బ. జపాను భాషలో 'మే' అనగా ముందు, 'కెరి' అనగా తన్ను. తెలుగులోని గసడదవాదేశ సంధి వలెనే ఇక్కడ కూడా సమాసంలో 'కె' 'గె'గా మారుతుంది. తైక్వాండోలో ఇటువంటి తన్నును ఆప్ చాగి అంటారు. తెలంగాణలోని నల్గొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలలో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు ఇచ్చే ఆత్మరక్షణ శిక్షణ కారణంగా ఈ విద్యకు ప్రాముఖ్యం ఏర్పడింది.

చరిత్ర

కరాటే జన్మస్థానం ఓకినావా ద్వీపం. ఇటోసు అంకో (1831–1915) పాఠశాల పిల్లల కోసం పినాన్ అనే ఐదు కటాలను (వరుస కదలికలు) రూపొందించాడు. ఆయన శిష్యుడు ఫునకోషి గిచిన్ (1868–1957) 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించాడు. తరువాత ఆయన పినాన్ కటాలకు హేయాన్ అని పేరు పెట్టాడు. హేయాన్ నిదాన్ అనే కటాలో మే గెరి కనిపిస్తుంది.

కేరళకు చెందిన కలరిపయట్టులో నేర్‌కాల్ అనే అభ్యాసం ఉంది. అందులో మోకాలు వంచకుండా కాలిని నిటారుగా పైకి విసురుతారు. మే గెరిలో మోకాలు ముందుగా ముడుచుకొని తరువాత తెరచుకుంటుంది.

చేసే విధానం

1. ఒక కాలు ముందుకు, మరొకటి వెనుకకు ఉంచి, ముందు మోకాలు కొద్దిగా వంచి నిలబడాలి. చేతులు ముఖానికి, ఛాతీకి రక్షణగా ఉండాలి.
2. వెనుక కాలి మోకాలిని నడుము ఎత్తు వరకు ఎత్తాలి. మడమ తొడకు దగ్గరగా ఉండాలి.
3. తుంటిని ముందుకు నెడుతూ మోకాలి కింది భాగాన్ని చాచాలి. కాలివేళ్ళను పైకి మడిచి, వాటి మొదట ఉన్న అరికాలి ముందు భాగంతో కొట్టాలి.
4. తాకిన వెంటనే కాలిని మరల మోకాలి వద్దకు ముడవాలి.
5. ఆ తరువాతనే పాదాన్ని నేలపై ఉంచాలి.

ఆరంభంలో చాలామంది నిర్లక్ష్యం చేసేది నాలుగవ దశ. చాచిన కాలిని వదిలివేస్తే ఎదుటివారు దానిని పట్టుకొని పడవేయగలరు. కాలిని వెనుకకు తీసుకొనగలిగినప్పుడే తన్నినవారు తిరిగి నిలదొక్కుకొని పరుగెత్తగలరు. కనుక గోడను పట్టుకొని, నెమ్మదిగా, ఒక్కొక్క దశను విడదీసి సాధన చేయటం మంచిది.

రకాలు

కాలిని కొరడా వలె విసిరి వెంటనే లాగుకొనేది కెఆగె. మడమతో గాని అరికాలితో గాని బలంగా నెట్టేది కెకోమి. బూట్లు ధరించినప్పుడు వేళ్ళను మడవటం కష్టం కనుక రెండవ పద్ధతి అనుకూలం.

దక్షిణ తెలంగాణలో శిక్షణ

2011 జనాభా లెక్కల ప్రకారం నేటి తెలంగాణ ప్రాంతంలో అక్షరాస్యత అతి తక్కువగా ఉన్న జిల్లా నాటి ఉమ్మడి మహబూబ్‌నగర్. బాలికల విద్యలో వెనుకబడిన మండలాల కొరకు 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఈ ప్రాంతంలో నడుస్తున్నాయి. సమగ్ర శిక్షా పథకంలోని రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ కింద 6 నుండి 12వ తరగతి వరకు చదివే బాలికలకు 3 నెలల శిక్షణకు వీలుంది. ఇంత తక్కువ వ్యవధిలో ఎత్తైన తన్నులు పట్టుబడవు. అందువలన గజ్జలు, మోకాలు వంటి కింది భాగాలపై గురిపెట్టే ముందు తన్ను ఉపయోగకరం. దాని ఉద్దేశం ఎదుటివారిని ఓడించటం కాదు, తప్పించుకొనే వ్యవధి సంపాదించటం.

జాగ్రత్తలు

నల్గొండ ప్రాంతపు భూగర్భ జలాలలోని అధిక ఫ్లోరైడు వలన కలిగే ఎముకల ఫ్లోరోసిస్ కీళ్ళను బిగదీస్తుంది, కాళ్ళను వంకర చేస్తుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు అందినప్పటికీ, అంతకు ముందే ఏర్పడిన వైకల్యం తొలగిపోదు. మోకాలు పూర్తిగా చాచలేని విద్యార్థిని బలవంతపెట్టక, వైద్యుని సలహాతో, తక్కువ ఎత్తులో అభ్యాసం చేయించాలి. మోకాలిని గాలిలోకి గట్టిగా విదిలించటం ఎవరికైనా హానికరమే. గట్టి సిమెంటు నేల కంటే మట్టి నేల గాని చాప గాని మేలు.

పోటీలలో

ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల ప్రకారం నడుము పైభాగానికి సరిగా తగిలిన తన్నుకు 2 పాయింట్లు, తలకు తగిలినదానికి 3 పాయింట్లు లభిస్తాయి. గజ్జలపై, మోకాలిపై తన్నటం నిషిద్ధం. ఆత్మరక్షణకు, క్రీడకు గల ముఖ్యమైన తేడా ఇదే.

ఇవి కూడా చూడండి

కరాటే
తైక్వాండో
కలరిపయట్టు
కర్రసాము