చందా లెక్కలో కాన్పు: తార్నాక పరిసరాల ప్రసూతి బీమా చరిత్ర

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమూ దానిని ఆనుకుని ఉన్న తార్నాకా, ప్రసూతి ప్రయోజనాల చరిత్రను ఒకే చోట పరిశీలించదలచినవారికి ఎంతో అనువైన ప్రాంతం. సెలవు నిబంధనల అండ గల శాశ్వత అధ్యాపకురాలు, ఏజెన్సీ ద్వారా కుదిరి హాస్టల్ మెస్‌లోనో కార్యాలయంలోనో పనిచేసే ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని, ఫెలోషిప్ మీద నెట్టుకొచ్చే పరిశోధక విద్యార్థిని, నాచారం పారిశ్రామికవాడలో యంత్రం ముందు నిలబడే కార్మికురాలు, కొత్తగా లేస్తున్న అపార్టుమెంటుకు ఇటుకలు మోసే పాలమూరు కూలీ, వీరందరూ ఒకే బస్టాపులో కలుసుకునే వీలున్నా, కాన్పు వేళ వీరి చేతికందే సొమ్ము వేర్వేరు చట్టాల నుంచి, వేర్వేరు షరతుల మీద వస్తుంది. ఆ షరతుల్లో బలమైనదీ, అంతగా చర్చకు రానిదీ చందా క్రమం, అంటే కాన్పుకు ముందు ఎన్ని రోజులకు చందా జమ అయిందన్న లెక్క.

చందా కట్టినవారికే హక్కు అన్న ఏర్పాటుకు ఆధునిక రూపం ఐరోపాలో వచ్చింది. జర్మనీలో బిస్మార్క్ హయాంలో 1883లో చేసిన జబ్బు బీమా చట్టం, బీమాలో ఉన్న స్త్రీలకు కాన్పు తరువాత మూడు వారాల భృతి ఇచ్చింది. బ్రిటన్‌లో 1911 నాటి జాతీయ బీమా చట్టం కాన్పుకు 30 షిల్లింగులు నిర్ణయించగా, భర్త బీమా మీద వచ్చే ఆ సొమ్ము భార్య సొత్తేనని 1913లో సవరించడానికి అక్కడి సహకారోద్యమ మహిళలు పోరాడవలసి వచ్చింది. ఆ చట్టంలోనే మరొక నిబంధన ఉంది: ఉద్యోగరీత్యా తప్పనిసరిగా బీమాలో చేరినవారు 26 వారాల చందా కట్టి ఉంటే చాలు, తమంతట తాము చేరిన స్వచ్ఛంద చందాదారులు మాత్రం 52 వారాలు కట్టి ఉండాలి. కడుపు పండాక చేరి, సొమ్ము అందుకుని తప్పుకునేవారు పెరిగితే నిధి ఖాళీ అవుతుందన్న భయమే ఈ తేడాకు మూలం. ఆ భయం నిరాధారమైనది కాదు; అయితే యజమాని అండ లేక, తన సంపాదనలోంచే మొత్తం చందా కట్టుకునే మనిషినే చట్టం రెట్టింపు అనుమానంతో చూసిందన్నది కూడా కాదనలేని మాట. స్వచ్ఛంద బీమా వెళ్లిన ప్రతిచోటికీ ఈ అనుమానం ఏదో ఒక రూపంలో వెంట వెళ్లింది.

భారతదేశంలో తొలి ప్రసూతి చట్టాలు బీమా చట్టాలు కావు. 1929 నాటి బొంబాయి చట్టమూ, ఆంధ్ర జిల్లాలకు వర్తించిన 1934 నాటి మద్రాసు చట్టమూ ఫ్యాక్టరీ స్త్రీలకు భృతి చెల్లించే భారాన్ని నేరుగా యజమానిపైనే మోపాయి. బొంబాయి శాసనమండలిలో 1928లో ఆ బిల్లును సమర్థిస్తూ మాట్లాడినవారిలో అంబేడ్కర్ ఒకరు. యజమాని బాధ్యత అనే ఈ పద్ధతిలో చందా గొడవ లేదు గాని, ఖర్చంతా ఒక్కరి సంచిలోంచే పోవడం వల్ల, గర్భం లక్షణాలు కనబడగానే పని మాన్పించే అలవాటుకు అది దారితీసింది. ఇదంతా బ్రిటిష్ ఇండియా సంగతి. నిజాం రాజ్యంలో 1918లో వెలసిన విశ్వవిద్యాలయానికి 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం పూర్తయ్యేనాటికి, అటువంటి కట్టడపు పని సరిహద్దుకు ఆవల ఉన్న చట్టాల పరిధిలో సైతం లేదు. రాయి కొట్టే చోట, సున్నం కలిపే చోట పురిటి సెలవంటే కూలి పోగొట్టుకోవడమే.

ఆ భారాన్ని యజమాని నెత్తి నుంచి ఉమ్మడి నిధికి మార్చాలన్న ప్రణాళిక విశ్వవిద్యాలయం నుంచే రావడం విశేషం. అలహాబాద్ విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్రజ్ఞుడు బి.పి. అడార్కర్‌కు 1943లో ప్రభుత్వం ఈ పని అప్పగించగా, ఆయన 1944లో పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాపై నివేదిక ఇచ్చారు. అప్పుడు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖను చూస్తున్నది అంబేడ్కరే. దాని ఆధారంగా 1948 ఏప్రిల్‌లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, అంటే వాడుకలో ఈఎస్ఐ, వచ్చింది. చట్టం చేసేనాటికి హైదరాబాదు భారత యూనియన్‌లో లేదు. ఆ సెప్టెంబరులో సైనిక చర్యతో కలిసింది. పథకం కాన్పూరు, ఢిల్లీలలో 1952 ఫిబ్రవరి 24న మొదలై, హైదరాబాదుకు 1955లో చేరింది. తార్నాక పక్కనే నాచారంలో పారిశ్రామికవాడ పెరిగి, ఈఎస్ఐ ఆసుపత్రి వెలిశాక, ఆ ఇంగ్లీషు అక్షరాలు ఇక్కడివారికి చట్టం పేరుగా కంటె ఆసుపత్రి పేరుగానే ఎక్కువ పరిచయమయ్యాయి.

ఈఎస్ఐలో ప్రసూతి భృతి లెక్క తెలుసుకోదగినది. ఏడాదిని రెండు చందా కాలాలుగా విభజిస్తారు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా మరొకటి. మొదటి దానిలో కట్టిన చందాకు ఫలం తరువాతి జనవరి నుంచి జూన్ వరకు, రెండవదానికి జులై నుంచి డిసెంబరు వరకు లభిస్తుంది. ఈ ఫలకాలాన్నే ప్రయోజన కాలం అంటారు. ఒక ప్రయోజన కాలంలో జరిగే కాన్పుకు భృతి రావాలంటే, దానికి ముందున్న రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజులకు చందా చెల్లించవలసి ఉండాలి. మొదటిసారి ఉద్యోగంలో చేరినవారికి ప్రయోజన కాలం, చేరిన తేదీ నుంచి తొమ్మిది నెలలు నిండాక గాని మొదలు కాదు. ఈ గడువు జబ్బు భృతికీ వర్తిస్తుంది కనుక ఇది గర్భిణులను దృష్టిలో పెట్టుకుని అల్లినది కాకపోవచ్చు; అయినా చేరేనాటికే గర్భవతి అయిన స్త్రీకి ఆసుపత్రి వైద్యం అందుతుంది గాని ఇంటి ఖర్చుకు వచ్చే నగదు భృతి అందదన్నది దాని ఫలితం.

షరతు నెరవేరితే దక్కేది తక్కువేమీ కాదు. 2019 జులై నుంచి ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం, 15,000 రూపాయల జీతగత్తెకు నెలనెలా కోతపడేది 113 రూపాయలు. దానికి ప్రతిగా 2017 నుంచి 26 వారాల పాటు సగటు దినసరి వేతనం పూర్తిగా వస్తుంది. అంతకుముందు అది 12 వారాలే. గర్భస్రావమైతే ఆరు వారాలు. నెల జీతం 21,000 దాటినవారు ఆ చందా కాలం ముగిశాక బీమా బయటికి పోతారు. చందా విషయంలో నిబంధన ఒక మేలు చేసింది: లెక్కలోకి వచ్చేది కట్టిన చందా కాదు, కట్టవలసిన చందా. అంటే జీతంలో కోసుకుని యజమాని జమ చేయకపోయినా ఆ తప్పు కార్మికురాలి హక్కును చెరపదు. కాగితం మీద ఇది గట్టి రక్షణే. అయితే తాను ఆ రోజుల్లో పనిచేశానని చూపుకోవడానికి హాజరుపట్టీయో జీతపు చీటీయో ఉండాలి, టెండరు మారినప్పుడల్లా ఏజెన్సీ మారే చోట్ల అవి దొరకబుచ్చుకోవడమే అసలు కష్టం. కొత్త ఏజెన్సీ పాత బీమా సంఖ్యనే కొనసాగిస్తే రోజులు కలుస్తాయి, తెలిసో తెలియకో కొత్త సంఖ్య తీస్తే పాత రోజులు పాత ఖాతాలోనే ఉండిపోతాయి.

ప్రాంగణంలోని మిగతావారి సంగతి వేరు. శాశ్వత ఉద్యోగినులు చందా ఏమీ కట్టకుండానే ప్రభుత్వ సెలవు నిబంధనల ఆసరా పొందుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగినుల ప్రసూతి సెలవు 120 రోజుల నుంచి 180 రోజులకు పెరిగింది 2010లో. బీమా పరిధిలోకి రాని సంస్థలకు వర్తించిన 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం యజమాని బాధ్యత పద్ధతినే కొనసాగించింది గాని, అక్కడా రోజుల లెక్క ఉంది: మొదట 12 నెలల్లో 160 రోజులు పనిచేసి ఉండాలనగా, 1988 సవరణ దానిని 80కి తగ్గించింది. మస్టరు రోలు మీద పనిచేసే దినకూలీ స్త్రీలు సైతం ఈ చట్టం కిందికే వస్తారని ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. పరిశోధక విద్యార్థినికి వేతనమూ లేదు, చందా కూడా లేదు. ఆమెకు యూజీసీ 2016 నిబంధనలు పీహెచ్‌డీ కాలం మొత్తంలో ఒకసారి 240 రోజుల దాకా సెలవు ఇచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో మొదలుపెట్టిన కేసీఆర్ కిట్ పథకం కూడా, సర్కారు దవాఖానాలో కాన్పు అయినవారికి ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లవాడు పుడితే 12,000 రూపాయలు చందా అడగకుండానే ఇచ్చింది.

ఇక తార్నాకలో స్వచ్ఛంద చందాకు అసలైన ఉదాహరణ నిర్మాణ కూలీది. 1996లో పార్లమెంటు చేసిన భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం, 18 నుంచి 60 ఏళ్ల లోపువారు గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఎవరూ బలవంతపెట్టరు, జీతంలో కోత ఉండదు. మేస్త్రీయో సంఘం మనిషో చెబితే తెలుస్తుంది, లేకుంటే లేదు. తెలంగాణలో నమోదు రుసుము 50 రూపాయలు, చందా ఏడాదికి 12 చొప్పున ఐదేళ్లకు 60, మొత్తం 110. ఆ కార్డు చెల్లుబాటులో ఉన్న కార్మికురాలికి రెండు కాన్పుల దాకా, ఒక్కొక్కదానికి 30,000 రూపాయలు మండలి ఇస్తుంది. ఈ సొమ్ములో చందా పాలు నామమాత్రం. నిధికి ప్రధాన ఆధారం కట్టడపు ఖర్చు మీద వసూలయ్యే ఒక శాతం సెస్సు. తార్నాక మీదుగా 2017 నవంబరులో నడక మొదలుపెట్టిన మెట్రో మార్గం వంటి భారీ కట్టడాలూ, వీధి లోపలి నాలుగంతస్తుల ఇళ్లూ ఈ చట్టం కిందికే వచ్చాయి.

అంతటి చిన్న చందాకు చట్టం పెట్టిన శిక్ష మాత్రం పెద్దది. వరసగా ఏడాది పాటు చందా కట్టనివారి లబ్ధిదారు హోదా రద్దవుతుందని ఆ 1996 చట్టపు 17వ సెక్షన్ చెప్పింది. తగిన కారణం చూపి బకాయి కడతామంటే మండలి కార్యదర్శి అనుమతితో పునరుద్ధరించవచ్చునని అదే సెక్షన్ వెసులుబాటూ ఇచ్చింది. ఏడాదిలో 90 రోజుల పని లేకపోయినా హోదా పోతుందని 14వ సెక్షన్ అన్నది. అడ్డా మీద నిలబడి పని వెతుక్కునే స్త్రీ గర్భం ముదిరిన నెలల్లో బరువు మోయలేక ఊరికి పోవడం, పసిబిడ్డతో తిరిగి రావడానికి నెలలు పట్టడం, ఈలోగా కార్డు గడువు దాటిపోవడం ఒకదాని వెంట ఒకటి జరిగేవే. అంటే రెండో కాన్పుకు ఆమె అర్హతను తెంచగలిగేది తరచు మొదటి కాన్పే. పన్నెండు రూపాయల ఎగవేత వల్ల మండలికి కలిగే నష్టం ఏపాటిదో ఆలోచిస్తే, ఈ నిబంధన నిధిని కాపాడటానికి కంటె జాబితాను కుదించడానికే ఎక్కువ పనికివచ్చిందని అనుకోక తప్పదు.

ఇతర దేశాలు ఇదే చిక్కును వేర్వేరుగా విప్పుతున్నాయి. ఫిలిప్పీన్స్ సామాజిక భద్రతా వ్యవస్థ, నిర్ణీత పన్నెండు నెలల్లో కనీసం మూడు నెలల చందా కట్టిన స్వచ్ఛంద సభ్యురాలికీ ప్రసూతి భృతి ఇస్తుంది. వియత్నాంలో 2025 జులై నుంచి అమలైన చట్టం, కాన్పుకు ముందు 12 నెలల్లో కనీసం ఆరు నెలలు చందా కట్టిన స్వచ్ఛంద సభ్యులకు బిడ్డకు 20 లక్షల డాంగ్‌ల చొప్పున తొలిసారిగా ప్రకటించింది. తప్పనిసరి బీమాలో గడిచిన నెలలనూ స్వచ్ఛంద చందా నెలలనూ కలిపి చూడటం అందులోని మెలకువ. నాచారం కార్ఖానాలో నాలుగు నెలలు, తరువాత ఇంటి నిర్మాణంలో ఐదు నెలలు పనిచేసిన స్త్రీకి ఇక్కడ అటువంటి కూడిక లేదు. ఈఎస్ఐ రోజులు ఈఎస్ఐవి, మండలి రోజులు మండలివి.

భారతదేశంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చి, 1948, 1961 చట్టాలతో పాటు నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి నిబంధనలనూ తనలో కలుపుకుంది. పదిమంది కంటె తక్కువ పనివారున్న సంస్థలు స్వచ్ఛందంగా ఈఎస్ఐలో చేరడానికి అది వీలు కల్పించింది. తార్నాక, హబ్సిగూడ రోడ్ల వెంట ఉన్న ప్రైవేటు లేడీస్ హాస్టళ్లు, జిరాక్సు దుకాణాలు, చిన్న క్లినిక్కులు, కోచింగ్ కేంద్రాలు చాలావరకు ఈ కొలతలోకే వస్తాయి. అయితే ఇక్కడ స్వచ్ఛందం అన్నది సంస్థకు చెందిన మాట: యజమానీ, పనివారిలో అధిక సంఖ్యాకులూ ఒప్పుకుంటేనే చేరిక, వారు తిరిగి అలాగే ఒప్పుకుంటే బయటికి వచ్చే దారీ ఉంది. ఐదుగురు పనిచేసే దుకాణంలో కాన్పు అవసరం ఉన్న ఒక్క స్త్రీ, తన వాటా తాను కడతానన్నా, ఒంటరిగా చేరలేదు.