సత్యభామ లేఖ, ఘంటసాల స్తూపం



చల్లపల్లికి దాపున రెండు ఊళ్ళున్నాయి: ఘంటసాల, కూచిపూడి. ప్రేమికుల మధ్య తలెత్తే క్రోధాన్ని గురించి వైద్యునిగా ఆలోచించినప్పుడల్లా ఈ రెండూ నాకు గుర్తుకు వస్తాయి.

కూచిపూడివారి భామాకలాపం సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధం. అందులో సత్యభామ కృష్ణునితో పంతానికి పోయి, విరహంతో తపించి, చివరకు మాధవి చేత లేఖ పంపుతుంది. అంతకు పూర్వం, 16వ శతాబ్దంలో, నంది తిమ్మన పారిజాతాపహరణంలో అదే సత్యభామ తన పాదాలపై వాలిన కృష్ణుని శిరస్సును ఎడమకాలితో తన్నింది. కావ్యంలో అది ప్రణయకలహం; రసికులు మెచ్చుకున్నారు. జీవితంలో మాత్రం అది దెబ్బే. చెంపదెబ్బ, ఫోను లాక్కొని చూడడం, "నన్ను విడిస్తే చస్తాను" అనే బెదిరింపు, వీటిని "ప్రేమ ఎక్కువై" అని సమర్థించడం తగదు. ఎదుటివారికి కాదనే హక్కు లేదనుకుంటే ఏమవుతుందో, 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై జరిగిన ఆమ్లదాడి చూపింది. 2013లో మన చట్టం ఆమ్లదాడిని ప్రత్యేక నేరంగా చేర్చి, కనీసం 10 ఏళ్ళ శిక్ష విధించింది. వెంటపడి వేధించడం కూడా అప్పుడే ప్రత్యేక నేరమైంది.

అయితే చట్టం చేయి లేచిన తరువాత వస్తుంది. లేవక ముందు దారి ఏది? ఘంటసాలలో ఇటుకల మహాచైత్యాన్ని నిలిపిన బౌద్ధుల సాధనలో దానికొక పేరుంది: పాళీలో 'సతి', సంస్కృతంలో 'స్మృతి'. మనసులో సుఖమో దుఃఖమో పుట్టగానే పుట్టినట్లు గుర్తించి, దాని వెంట పరుగెత్తకుండా నిలవడమే అది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ఈ సాధనను దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవారికి నేర్పనారంభించాడు. తరువాత మార్షా లినెహాన్ తన చికిత్సా విధానంలో దీనికి తోడుగా, క్లేశాన్ని మరింత చెడగొట్టుకోకుండా దాటే నేర్పును కూడా చేర్చింది.

ఆచరణ ఇది. కోపం పొంగినప్పుడు "నాకు అవమానం కలిగింది, గుండె దడదడలాడుతోంది" అని లోలోపల చెప్పుకోండి. చల్లని నీటితో ముఖం కడుక్కోండి. ఊపిరిని నిదానంగా విడవండి. కాసేపు ఆ చోటు విడిచి నడవండి. వచ్చిన సందేశానికి వెంటనే జవాబు పంపకండి. సత్యభామ లేఖలోని గొప్పదనం ఇదే: అక్కడ తాపం మాటగా మారింది, దెబ్బగా మారలేదు.

ఒక్క హెచ్చరిక. ఈ సాధన చేయెత్తేవారికి అవసరం. దెబ్బలు తినేవారికి ఓర్పు నూరిపోయడానికి కాదు. వారికి కావలసింది రక్షణ. ఆపద ఉంటే 112కు, మహిళలు 181కి, మనోవేదన భరించలేనప్పుడు ఎవరైనా 14416కు ఫోను చేయండి. సిగ్గుపడవలసినది మీరు కాదు.